స్కూలు బస్సులో తీసిన వీడియో: నా అనుభవం

మా అబ్బాయి నత్తిని వెక్కిరిస్తూ ఇన్‌స్టాగ్రామ్‌లో తెరిచిన ఖాతా నిన్న సాయంత్రానికి పోయింది. నాలుగుసార్లు వెతికి చూశాను, రావడం లేదు. అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

మాది కోవూరు. మావాడు నెల్లూరులో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి కొంచెం నత్తి, 'బ' దగ్గర ఆగిపోతాడు. స్కూలు బస్సులో పెద్ద క్లాసు పిలకాయలు నలుగురు అది కనిపెట్టారు. పెన్నా బ్రిడ్జి ఎక్కగానే బ్యాగు లాక్కుని, "బుచ్చిరెడ్డిపాళెం అనరా, ఇస్తాం" అనేవాళ్లట. ఒకరోజు అది ఫోన్‌లో తీశారు. "బు... బు..." అన్న ముక్కనే తిప్పి తిప్పి, వాడి పేరుతోనే ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచి పెట్టారు. ఆ వీడియోలో వాడి మెడ నరాలు ఉబ్బి ఉంటాయి. బ్యాగు కోసం చాచిన చెయ్యి అలాగే ఉంటుంది.

వాడు నాతో ఒక్క మాట చెప్పలేదు. వాడి స్నేహితుడి అమ్మ పంపితే తెలిసింది. వెంటనే రిపోర్ట్ కొట్టబోయాను. మా తమ్ముడు ఆపాడు. "అక్కా, ముందు దాచుకో. అది పోయాక ఎవరికేం చూపిస్తావు?" అన్నాడు. నూటికి నూరుపాళ్లు నిజం. ఖాతా లింకు, యూజర్‌నేమ్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాం. వీడియో తిరిగిన వాట్సాప్ గ్రూపు సంగతి వేరు. ఫార్వర్డ్ అయి వచ్చిన దాంట్లో మొదట ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఉండదు. అందుకని వీడియో పంపిన ఆ స్నేహితుడి అమ్మ ఇంటికే వెళ్లి, ఆమె ఫోన్‌లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి గ్రూపు మాటలన్నీ తీసుకున్నాం. ప్రతి మాట పక్కన తేదీ, టైము, పేరు వచ్చాయి. జిరాక్స్ షాపులో ప్రింట్లు తీస్తే పదకొండు పేజీలు అయ్యాయి.

అవి పట్టుకుని, వాణ్ని వెంటబెట్టుకుని స్కూలుకు వెళ్లాను. అక్కడ జరిగింది నేను బతికుండగా మర్చిపోను.

పది గంటలకు వెళితే పన్నెండున్నర దాకా ఫీజు కౌంటర్ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఇన్‌ఛార్జి కాగితాల వంక చూడకుండానే, "పిలకాయల చేతికి ఫోన్లు ఎందుకిస్తారమ్మా?" అన్నాడు. మావాడికి ఫోన్ లేదు సార్, తీసినవాళ్లకుంది అన్నాను. "బస్సులో జరిగింది క్లాసు కిందికి రాదు" అన్నాడు. బస్సు ఫీజు మీకే కడుతున్నాం కదా, బస్సులో కెమెరా కూడా ఉంది కదా అన్నాను. అది పనిచేయడం లేదట. అప్పుడు మావాడి వైపు తిరిగి, ఇద్దరు క్లర్కులు, ఫీజు కట్టడానికొచ్చిన వాళ్లు అందరూ చూస్తుండగా, "ఎక్కడ జరిగిందో నువ్వే చెప్పరా" అన్నాడు.

చెప్పాల్సిన మాట 'బస్సులో'. వాడు "బ..." దగ్గర ఆగాడు. ఒక క్లర్కు నోటికి రిజిస్టరు అడ్డం పెట్టుకుంది. ఇన్‌ఛార్జి "బస్సులోనా? బస్సులోనా?" అని వాడి నోట్లో మాట తనే అనేసి, "సరే సరే, పో" అన్నాడు. వాడు నా చీర కొంగు పట్టుకున్నాడు. ఐదో తరగతి తర్వాత వాడు నా కొంగు పట్టుకోవడం అదే.

ఆ బస్సు పిలకాయలకూ ఈ పెద్దమనిషికీ తేడా ఏముంది? ఫీజు బాకీ ఉంటే పొద్దున ఏడింటికే స్కూలు యాప్‌లో మెసేజ్ వస్తుంది. అదే యాప్‌లో "నన్ను ఏడిపిస్తున్నారు" అని పిల్లవాడు నోరు తెరవకుండా చెప్పుకునే బటన్ ఒక్కటి ఉండదు. నోరు తిరగని వాడికి అదే కదా కావలసింది!

ఇంటికొచ్చి ఇన్‌స్టాగ్రామ్‌లో రిపోర్ట్ కొట్టాను. రెండు నిమిషాల పని. ఒకరి పేరుతో ఇంకొకరు ఖాతా తెరిస్తే ఫిర్యాదు అందిన 24 గంటల్లో చర్య తీసుకోవాలని 2021 ఐటీ నియమాల్లో ఉండేది, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. రాత్రికి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను. అక్కడ జరిగింది కనీసం 200 అక్షరాల్లో రాయమంటుంది. ప్రత్యేక గుర్తులు పెడితే తీసుకోదు, ముందే వేరేచోట రాసుకుని అతికించండి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 ఎక్కువగా డబ్బు మోసాల కోసం. పిల్లల విషయమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉంటారు, డబ్బులు పడవు. ఫోన్ ఎత్తినామె మావాడితో మాట్లాడతానంది. వాడు ఆగిన ప్రతిచోటా ఆమె ఆగింది, ఒక్క మాట అందించలేదు. ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు.

మర్నాడు ఫిర్యాదు నంబరు వేసి స్కూలుకు అర్జీ రాసుకెళ్లాను. రెండో కాపీ మీద తేదీ, స్టాంపు వేసి ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. మీరూ లేవకండి. నోటిమాటకు ఆఫీసుల్లో విలువ లేదు. ఆ పిలకాయల చదువు చెడగొట్టాలని నాకు లేదు, వీడియో పోవాలి, బస్సులో ఆ పని ఆగాలి అని అందులోనే రాశాను. ఆ మధ్యాహ్నమే నలుగురి తల్లిదండ్రులనూ పిలిపించారు.

సోమవారం నుంచి డ్రైవరు వెనక సీటు మావాడిదే అన్నారు. కెమెరా కూడా బాగు చేయించామని చెప్పారు. సోమవారం పొద్దున నేనే బస్సెక్కి, అది వెలుగుతోందో లేదో చూసి దిగుతాను.