తాతతో వాదం

కోవిడ్ ఉధృతంగా ఉన్న 2021 ఏప్రిల్‌లో మా నాయనకు ఒంట్లో నలతగా ఉందని తెలిసి, ప్రత్యేక అనుమతి తీసుకొని, పదేళ్ల కూతురితో మెల్‌బోర్న్ నుంచి తిరుచానూరు వచ్చాను. ఆయన కోలుకొని వసారాలో కూర్చునే వేళకు మేము తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. విమానాలు ఆగిపోవడం ఒక ఎత్తయితే, గడిచిన 14 రోజుల్లో భారతదేశంలో ఉన్నవారు ఆస్ట్రేలియాలో అడుగుపెడితే, ఆ దేశ పౌరులైనా సరే, ఐదేళ్ల వరకు జైలు గానీ 66,600 డాలర్ల వరకు జరిమానా గానీ పడవచ్చునంటూ మే 3 నుంచి 15 దాకా అమలైన ఉత్తర్వు మరొక ఎత్తు. "నేను పుట్టిన ఊరికి నేను పోతే నేరమెట్లవుతుంది తాతా?" అని మా అమ్మాయి అడిగింది.

చిత్తూరు కోర్టులో గుమాస్తాగా పనిచేసిన మా నాయన, "మీ రాజ్యాంగంలో ఏం రాసుందో చూడు పాపా" అన్నారు.

చూశాము. 1901 నుంచి అమల్లో ఉన్న ఆ రాజ్యాంగంలో మతస్వేచ్ఛ, కొన్ని నేరాలకు జ్యూరీ విచారణ, ఆస్తి తీసుకుంటే న్యాయమైన షరతులు వంటి కొద్దిపాటి రక్షణలున్నాయి గానీ, మన భారత రాజ్యాంగం మూడవ భాగం వంటి ప్రాథమిక హక్కుల అధ్యాయం లేదు. కొన్ని హక్కులనైనా చేర్చుదామని 1944లోనూ 1988లోనూ ప్రజల ఓటుకు పెడితే రెండుసార్లూ వీగిపోయింది. మేముండే విక్టోరియా రాష్ట్రం 2006లో చేసుకున్న హక్కుల చట్టం కేంద్ర ప్రభుత్వాన్ని కట్టడి చేయలేదు. ఆ ఉత్తర్వును ఒక పౌరుడు సవాలు చేయగా, స్వదేశంలోకి రావడానికి సంప్రదాయంగా ఉన్న హక్కును అంటురోగాల వంటివాటిని అడ్డుకోవడానికి పార్లమెంటు చేసిన జీవభద్రత చట్టం తగ్గించగలదని ఫెడరల్ కోర్టు తేల్చింది. హక్కు రాజ్యాంగంలోనే రాసి ఉంటే నిషేధం నిలిచేదో లేదో గానీ, ఇంతకన్నా తక్కువ కష్టంతో పని జరగదా అన్న ప్రశ్నకు ప్రభుత్వం కోర్టులో జవాబు చెప్పుకోవలసి వచ్చేది. నేను కోరేది ఆ మాత్రమే.

రాజ్యాంగ సభలో సభ్యుడైన అనంతశయనం అయ్యంగార్ ఈ తిరుచానూరులోనే పుట్టారని నేను గొప్పగా మొదలుపెట్టబోతే నాయన సాగనివ్వలేదు. హక్కులన్నీ రాసి ఉన్న దేశంలోనే, 1976లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు, అత్యవసర పరిస్థితిలో నిర్బంధాన్ని ప్రశ్నించడానికి కోర్టు తలుపు తట్టే వీలు లేదన్నారని, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారని మనవరాలికి చెప్పారు. 1978లో 44వ సవరణ, నేరారోపణ ఎదుర్కొనేవారి రక్షణలను, ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛల హక్కును చెప్పే 20, 21 అధికరణాలను ఎమర్జెన్సీలోనైనా పక్కనపెట్టే వీలు లేకుండా చేసింది. 2017లో సుప్రీంకోర్టే ఆ పాత తీర్పు తప్పని ఒప్పుకుంది. రాసి పెట్టుకున్నందుకే ఎక్కడ తప్పామో వేలు పెట్టి చూపగలిగామని నేను అన్నాను. నాయన పెదవి విరిచారు.

ఇప్పుడు పై తరగతులకు వచ్చిన మా అమ్మాయి, బడిలో జరిగే చర్చకు హక్కుల అధ్యాయం అక్కరలేదన్న పక్షాన్ని ఎంచుకుంది. ఎన్నికైనవారు తేల్చవలసినవి న్యాయమూర్తుల చేతికి ఎందుకివ్వాలని ఆమె ప్రశ్న. ఆ అధ్యాయం లేకుండానే 2023లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు, దేశం నుంచి పంపించే వీలు దగ్గర్లో కనిపించని వలసదారుల నిరవధిక నిర్బంధం చెల్లదని చెప్పింది కదా అంటుంది. ఆ మాట నాకు రుచించలేదు, కానీ కొట్టిపారేయలేను. నిన్న రాత్రి తిరుచానూరుకు ఫోన్ చేసి ఖన్నా ఏమన్నారో మళ్లీ చెప్పమని తాతను అడుగుతోంది. నీ పక్షానికి అదెందుకే అంటే, "అవతలివాళ్లు అదే ఎత్తుతారు కదమ్మా" అంది.