చదును నేల అనే కొండ ఊరు

సింగపూర్ మొత్తానికి ఎత్తయిన కొండ బుకిత్ తిమా. దాని ఎత్తు 164 మీటర్లు. చిన్నప్పటి నుంచి సింహాచలం మెట్లెక్కినవాణ్ణి కదా, దాన్ని కొండ అనడానికి నాకు నోరు రాదు. ఆరేళ్లుగా అక్కడే ఉద్యోగం. సెలవురోజు పార్కులో నాలుగు చుట్లు కొట్టి, ఇదే అడవి అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. ఒక గురువారం రాత్రి నా రూమ్మేట్, ఖమ్మం కుర్రాడు, "రేపు రాత్రికి సంచి సర్దు, కామెరాన్ హైలాండ్స్ పోతున్నం" అన్నాడు. అవి మలేసియాలో చల్లటి కొండలు. టికెట్లు కొన్నాక చెప్పడం వాడి పద్ధతి.

శుక్రవారం రాత్రి బస్సెక్కాం. సింగపూర్‌కీ మలేసియాకీ మధ్య సముద్రం మీద కట్టిన రాతి గట్టు, 1924 నాటి కాజ్‌వే, కిలోమీటరుకి కాస్త ఎక్కువ. నడిస్తే పావుగంట. శుక్రవారం రాత్రి బస్సులో ఎంతసేపో మాత్రం పైవాడికే తెలియాలి. రోజూ సింగపూర్ వచ్చి పనిచేసి జోహోర్ బారులో ఇళ్లకి వెళ్లేవాళ్ల మోటారు సైకిళ్లు మా కిటికీ పక్కనుంచి చీమలబారులా సాగుతున్నాయి. సింగపూర్ వైపు దిగి, ఎక్కి, మళ్లీ మలేసియా వైపు సంచులతో సహా దిగాం. భారతీయులకి ఇప్పుడు మలేసియా వీసా అక్కర్లేదుగానీ, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో రాకపోకల కార్డు నింపాలి. మావాడు టికెట్లు కొన్నాడు, కార్డు మర్చిపోయాడు. క్యూలో నిలబడి ఫోన్‌లో పాస్‌పోర్టు నంబరు కొడుతుంటే చేతులు వణుకుతున్నాయి. వెనక బస్సు మనకోసం ఎంతసేపని ఆగుతుంది? ఆగింది. డ్రైవరు ఏమీ అనలేదు, ఓ చూపు చూశాడంతే.

తెల్లవారేసరికి కొండ దారిలో ఉన్నాం. తాపా నుంచి పైకి వెళ్లే ఈ పాత రోడ్డుకి మలుపులు తప్ప తిన్నని ముక్క లేదు. మావాడు నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకున్నాడు. 1885లో విలియం కామెరాన్ అనే సర్వేయరు ఈ కొండల్ని చూసి వెళ్లాడు. ఆయన పేరే వీటికి నిలిచింది. మేం దిగిన ఊరు తానా రాతా. మలయ్‌లో 'చదును నేల' అని అర్థం. 1,400 మీటర్ల పైచిలుకు ఎత్తున, మన లంబసింగి కన్నా పైన, చదును నేల! చుట్టూ ఉన్న కొండల్ని చూశాక ఆ పేరు పెట్టినవాళ్ల ఊరట అర్థమైంది.

పొద్దున్నే రోటీ చనాయ్ కొట్లో కూర్చుని మేం ఏదో వాదించుకుంటుంటే, పక్క బల్ల మీదున్న పెద్దాయన టీ గ్లాసు దించి, "తెలుగోలా బాబూ మీరు?" అన్నాడు. ఉలిక్కిపడ్డాను. అది మా ఇంటి వెనక వీధిలో వినిపించే మాట. ఆయనది బాగన్ దాతుక్, కింద పెరాక్ తీరంలో కొబ్బరి తోటల ఊరు. వాళ్ల తాత చీకాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) వైపు నుంచి ఓడెక్కి ఎస్టేటు పనికొచ్చాడట. ఊరి పేరేమిటో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. "ఊరు పోనాది గానీ మాట పోనేదు" అని నవ్వాడు. మేం అడవిలో నడవడానికి వచ్చామంటే మాత్రం ఆయనకి మింగుడుపడలేదు. "మా తాతలు అడివి నరికి తోటలేసినారు. మీరు డబ్బులిచ్చి అందులోకెల్తారేటి?"

ఊరి చుట్టూ కాలిబాటలకి నంబర్లున్నాయి. మాది పదో నంబరు, గునుంగ్ జాసర్ శిఖరానికి. హాస్టల్ అతను మ్యాపు మీద గీత గీసి, పనిలో పనిగా జిమ్ థాంప్సన్ కథ కూడా చెప్పాడు. థాయి పట్టు పరిశ్రమకి మళ్లీ ప్రాణం పోసిన ఈ అమెరికన్, 1967 మార్చి 26, ఈస్టర్ ఆదివారం, ఈ ఊళ్లోనే ఒక బంగళా నుంచి మధ్యాహ్నం వ్యాహ్యాళికి బయటికెళ్లాడు. తిరిగి రాలేదు. పోలీసులు, సైనికులు, అడవి ఎరిగిన ఆదివాసులు, చివరికి మంత్రగాళ్లు కూడా వెదికారు. చొక్కా గుండీ కూడా దొరకలేదు. "సాయంత్రం అయిదుకల్లా వచ్చెయ్యండి" అన్నాడు హాస్టల్ అతను.

ఎక్కడం బాగానే ఎక్కాం. వేళ్లే మెట్లు, వేళ్లే పట్టుకునే కడ్డీలు. ఎర్రమట్టి సబ్బులా జారుతోంది. దిగేటప్పుడు ఒక పడిపోయిన చెట్టు దారికి అడ్డమొచ్చింది. చుట్టూ తిరిగి అవతల కలుద్దామనుకున్నాం. అవతల దారి లేదు. అయిదు నిమిషాలు నడిచాక మేం దిగుతున్నది దారి కాదు, వాననీటి కాలవ అని తెలిసింది. ఈ అడవిలో ఉన్న తిరకాసు ఏమిటంటే పది అడుగుల తర్వాత ఏమీ కనిపించదు. పైగా మూడుకల్లా మంచు దిగింది. ఫోన్‌లో నీలం చుక్క మేం బాట మీదే ఉన్నామని ధైర్యంగా చెబుతోంది. "ఏందిరా ఇది, మనమేమన్న పట్టు వ్యాపారం చేస్తున్నమా?" అన్నాడు మావాడు. నవ్వుకుందామనుకున్నాం, నవ్వు రాలేదు. చివరికి నేను కదలకుండా నిలబడ్డాను, నా గొంతు వినిపించినంత దూరమే పోయి వస్తూ వాడు నాలుగు వైపులా చూశాడు. మూడో వైపు దొరికింది ఆ పడిపోయిన చెట్టు. మొత్తం తప్పిపోయింది యాభై నిమిషాలు. రాత్రి ఎవరికి చెప్పినా రెండు గంటలనే చెప్పాడు వాడు.

మర్నాడు తెలివి తెచ్చుకుని మనిషిని వెంటబెట్టుకున్నాం. సెమాయ్ తెగ పెద్దాయన, యాభై దాటుంటాయి, కాలికి రబ్బరు బూట్లు. మలేసియాలో ఆదివాసుల్ని 'ఒరాంగ్ అస్లి' అంటారు. ఒరాంగ్ అంటే మనిషి. అస్లి మన 'అసలు'కి తోబుట్టువే, రెండూ అరబ్బీ నుంచి చెరో దారినా వచ్చాయి. అసలు మనుషులన్నమాట. పాత ల్యాండ్ రోవర్‌లో కుదుపులు తిని, తర్వాత వాగు పక్కనే గంటన్నర నడిచాం, రఫ్లీషియా పువ్వు కోసం.

నిన్న మాకు పచ్చదనం తప్ప ఏమీ కనిపించని అడవిలో ఆయనకి సంత కనిపిస్తోంది. ఇది జ్వరానికి, ఇది వెదురు, అన్నం ఇందులోనే వండుతాం, ఇది ఇపో చెట్టు, దీని పాలు ఊదుగొట్టం బాణాలకి పూసే విషం. ఇపో పట్టణానికి ఆ పేరు ఈ చెట్టు నుంచే వచ్చింది. మావాడు పట్టుకోబోయిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

పువ్వు ఒక వాగు గట్టు మీద, నేలబారున ఉంది. పెద్ద పళ్లెమంత, ఎర్రగా, తెల్ల మచ్చలతో. దీనికి ఆకు లేదు, కాండం లేదు, సొంత వేరు కూడా లేదు. ద్రాక్ష కుటుంబానికి చెందిన ఒక తీగలో దాక్కుని దాని తిండే తింటుంది. మొగ్గ తొమ్మిది నెలలు పెరుగుతుంది, విచ్చాక వారం కూడా నిలవదు. ఇది విచ్చి నాలుగోరోజట, అంచులు నల్లబడుతున్నాయి. కుళ్లిన మాంసం వాసన ఈగల కోసం. నాకు వంగి చూస్తే తప్ప తెలియలేదు.

తిరుగుదారిలో ఆయన ఒక వెడల్పాటి ఆకు కోసి అందులో చిలగడదుంపలు పెట్టి ఇచ్చాడు. "మా వైపు కూడా ఇలా ఆకుల్లో తింటాం, అడ్డాకులు అంటారు, కొండల నుంచి వస్తాయి" అన్నాను గొప్పగా.

"మీకూ కొండలున్నాయా?"

"అరకు. మా ఊరికి మూడు గంటలు."

"అక్కడ ఎవరుంటారు?"

కొండదొరలు, భగతలు, గదబలు, ఇంకాస్త అవతల కొండల్లో సవరలు అని చెప్పాను.

"వాళ్ల భాష మీకు వచ్చా?"

రాదు. అరకు నేను మూడుసార్లు వెళ్లాను, మూడూ ఫొటోలకే. ఆ రాత్రి హాస్టల్లో ఫోన్‌లో వెదికితే తెలిసింది, ఆయన సెమాయ్ భాషా, మన కొండల సవర భాషా, గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ భాషా దూరపు చుట్టాలే. అన్నీ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలోవే. మా వైపు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు పనిగట్టుకుని సవర నేర్చుకున్నారని స్కూల్లో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మూడోరోజు గురించి ఎక్కువ చెప్పను. గునుంగ్ బ్రింఛాంగ్ (2,031 మీటర్లు) దగ్గర పాచి అడవి నిజంగా అద్భుతం. చెట్ల కొమ్మలన్నీ తడి పాచి కంబళ్లు కప్పుకున్నట్టుంటాయి. నీళ్లు నింపుకుని ఈగల కోసం కాచుకున్న కుండ మొక్కల్ని మలయ్‌లో 'కోతి కుండ' అంటారు. కానీ దిగువన కొండవాలు కొండవాలే ప్లాస్టిక్ పందిళ్లు, కూరగాయల సాగు. ట్రాఫిక్‌లో గంటన్నర నిలబడి, రోడ్డుకి రెండువైపులా స్ట్రాబెర్రీ ఆకారపు దిండ్లు చూస్తూ కూర్చున్నాం. వెళ్లాలనుకుంటే సెలవుల్లో వద్దు.

తిరుగు ప్రయాణంలో జోహోర్ క్యూలో నిలబడి మేజోడు దించితే చీలమండ దగ్గర జలగ కుట్టిన చోట రక్తం చారలు కట్టి ఉంది. ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు తాగి దిగిపోయిందో! క్యూ కదలట్లేదు, అమ్మకి ఫోన్ చేశాను. జలగ సంగతి దాచి, ఆకులో దుంపలు తిన్న సంగతి చెప్పాను.

"అడ్డాకు లాంటిదేనా?" అంది.

"అలాంటిదే. అవునూ, అడ్డాకు చెట్టు ఎంత పెద్దదమ్మా?"

"చెట్టేట్రా? అది తీగ. పెద్ద పెద్ద చెట్లని చుట్టుకుని పైకెళ్లిపోద్ది. నీకు తెలీదేటి?"

ముందున్న మనిషి రెండడుగులు జరిగాడు. నేను సంచి భుజానికెత్తుకున్నాను.