ఒక చుక్క రక్తం, ఒక ఎర్రని గీత

గత ఆదివారం అమలాపురంలో మా ఇంటి వెనుక గది తలుపులు మూసి, నా వేలి నుంచి తీసిన ఒక చుక్క రక్తాన్ని అరగ్లాసు సెలైన్‌లో (రక్తానికి సరిపడే ఉప్పునీటిలో) కలిపి, దాని గుండా ఎర్రని లేజర్ కిరణాన్ని పంపి పక్క నుంచి ఫోన్‌తో ఫొటోలు తీశాను. "రక్తంతో ఆటలేమిట్రా?" అని అమ్మ విసుక్కుంది.

కిరణం ద్రవంలో మెరిసే గీతగా కనిపించింది. లోపలికి పోయేకొద్దీ దాని వెలుగు ఎలా తగ్గుతుందో పిక్సెల్ విలువల్లో చూస్తే, కాంతి ఎంత చెదురుతోందో అంచనాకు వస్తుంది. రక్తంలోని ఎర్రకణం వ్యాసం 7 నుంచి 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో పెద్దది కనుక, చెదిరిన కాంతిలో అత్యధిక భాగం ముందుకే సాగి, ఎదుటి గోడపై చుక్క చుట్టూ వలయంలా పరుచుకుంది. ఫోన్ తనంతట తానే వెలుగును సరిచేస్తోందని ఆలస్యంగా గమనించడం వల్ల మొదటి గంట కొలతలన్నీ వృథా అయ్యాయి.

అసలు వింత నా పొరపాటు వల్లే జరిగింది. రెండో గ్లాసులో సెలైన్‌కు బదులు ఇన్వర్టర్ బ్యాటరీకి తెచ్చిన, ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్ పోశాను. వరద గోదారిలా మసకగా ఉండవలసిన ద్రవం, ఒండ్రు పేరుకోకుండానే తేటపడి, వెనుక ఉన్న దినపత్రిక అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ ఎక్కడికీ పోలేదు, రంగు అలాగే ఉంది. నీరు లోపలికి చేరి కణాలు పగిలిపోవడంతో, కాంతిని వంచే హద్దులు మాత్రం చెరిగిపోయాయి. గీత దాదాపు మాయమైంది.