ఒక్క సంతకానికి ఐదు నెలలు

మా వాడు చదువుతున్నాడనే అనుకున్నాం. రెండో తరగతిలో చేరిన కొత్తలో, అక్టోబరు చివర ఒక రాత్రి, పడుకోబోయే ముందు పక్కన కూర్చుని వింటున్నాను. తప్పిపోయిన కుక్కపిల్ల కథ, గడగడా చెప్పుకుపోతున్నాడు. మధ్యలో రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి తిరిగాయి. వాడు ఆగలేదు, కనిపించని పేజీలో ఉన్న వాక్యాలు కూడా వరసగా చెప్పేశాడు. పుస్తకం మొత్తం బట్టీ. నేను లేచి వెళ్ళి ఇంట్లో ఎప్పుడూ విప్పని పుస్తకం ఒకటి తెచ్చి ముందు పెట్టాను. ఇల్లు బొమ్మ ఉంది కాబట్టి 'హోమ్' అన్నచోట 'హౌస్' అన్నాడు, 'ఫ్రమ్' దగ్గర ఆగి, 'ఫార్మ్' అని, నా మొహంలోకి చూసి, "అమ్మా, నీళ్ళు తాగొస్తా" అని లేచిపోయాడు.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. నవంబరు పేరెంట్ మీటింగ్‌లో టీచర్ తనే విషయం ఎత్తారు. చదవడంలో క్లాసు కన్నా బాగా వెనకబడ్డాడు, రోజూ అరగంట చిన్న గ్రూపులో చదివిస్తాం, జనవరి దాకా చూద్దాం అన్నారు. ఆ వెంటనే, చాలా మర్యాదగా, ఇంట్లో రెండు భాషలు కదా, అలాంటి పిల్లలకి కొంచెం టైమ్ పడుతుంది అని కూడా అన్నారు. నిజమే కాబోలనుకుని ఆ రాత్రే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని తీర్మానించుకున్నాం. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది, తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది, పాపం ఆవిడకి మనవణ్ణి అన్నం తిన్నావా అని అడగడానికి కూడా భయమైపోయింది. మూడు వారాల్లో వాడి చదువేమీ మారలేదు, ఇల్లు మాత్రం మూగబోయింది. నాలుగో వారం ఎవరూ ఏమీ అనుకోకుండానే మళ్ళీ తెలుగులోకి వచ్చేశాం. అసలు మా పెద్దది ఇదే ఇంట్లో ఇదే తెలుగు వింటూ పెరిగి, కిండర్‌గార్టెన్ అయ్యేసరికే పుస్తకాలు నమిలేసింది, ఆ సంగతి మీటింగ్‌లో నాకెందుకు తట్టలేదో తెలీదు.

మా ఆయన వాదన వేరు. "నాకూ మూడో క్లాసు దాకా చదవడం రాలేదు. మాస్టారు బెత్తం విరగ్గొట్టేవాడు. తర్వాత అదే వచ్చింది. వీడికీ వస్తుంది."

స్పెషల్ ఎడ్యుకేషన్, అంటే నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకి బడిలో ఇచ్చే ప్రత్యేక బోధన, ఆ మాట ఇంట్లో పలకడానికే నెల పట్టింది. మా వీధిలో సగం మంది మనవాళ్ళే, వీకెండ్‌కి ఎవరింటికి భోజనానికి వెళ్ళినా గిఫ్టెడ్ టెస్టులు, మ్యాథ్ కాంపిటీషన్లు, స్పెల్లింగ్ బీ కబుర్లే, అక్కడ కూర్చుని మా వాడికి ఫలానా పరీక్ష చేయిద్దామనుకుంటున్నాం అని నోరు తెరవడం నా వల్ల కాలేదు. వీసా మీద ఉన్నాం, ఇవన్నీ అడిగితే ఏమవుతుందో అని ఇంకో టెన్షన్. ఇమిగ్రేషన్ స్టేటస్ చూసి పిల్లలకి ప్రభుత్వ బడి తలుపు మూయకూడదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది, ఆ కేసు పుట్టింది కూడా టెక్సస్‌లోనే, ఆ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది.

డిసెంబర్లో స్కూలు కౌన్సిలర్‌ని కారిడార్లో పట్టుకుని, వాడి ఇబ్బందేంటో తేల్చే పరీక్ష చేయించమని అడిగాను. తప్పకుండా చూస్తాం అన్నారు. జనవరి అయిపోయింది. చిన్న గ్రూపు ఇంకో ఎనిమిది వారాలు సాగనిద్దాం, ఆ వివరాలన్నీ వచ్చాక అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. ఇదే విషయంలో నాలుగేళ్ళ క్రితం నలిగిన ఒక అక్కకి ఫోన్ చేసి ఏడిస్తే ఆవిడ ఒకటే అడిగింది: "రాసిచ్చావా?" లేదన్నాను. "అయితే నువ్వు అడగనట్టే."

ఆ వారం రాత్రుళ్ళు కూర్చుని చదివాను. మేం నెలల తరబడి కొట్టుకుంటున్నది అసలు రాని ప్రశ్న మీద. వీణ్ణి స్పెషల్ ఎడ్‌లో వేయాలా వద్దా అని మా తగాదా. ముందు తేలాల్సింది, పిల్లాడికి ఏదో ఇబ్బంది ఉందని అనుమానించడానికి కారణం ఉందా లేదా అన్నది, అంతే. ఉంటే స్కూలే ఉచితంగా పూర్తి పరీక్ష చేయాలి. 1975లో వచ్చి, 1990 నుంచి ఐడియా అనే పేరుతో నడుస్తున్న, వైకల్యాలున్న పిల్లల చదువు గురించిన ఫెడరల్ చట్టం ప్రకారం పరీక్షకి ఒప్పుకోవడం వేరు, ఆ తర్వాత సేవలకి ఒప్పుకోవడం వేరు, రెండింటికీ విడివిడిగా తల్లిదండ్రుల సంతకం కావాలి. పరీక్ష చేయించి, రిపోర్టు చదువుకుని, మాకేం వద్దని ఇంటికొచ్చేయొచ్చు. ఇది ముందే తెలిసుంటే మా ఇంట్లో రెండు పండగలు ప్రశాంతంగా గడిచేవి.

ఇంకోటి: చిన్న గ్రూపు చదువు పూర్తయ్యేదాకా పరీక్ష వాయిదా వేస్తాం అనడానికి వీల్లేదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకి మెమో పంపింది. టెక్సస్‌కి ఈ వాయిదాల విషయంలో పెద్ద కథే ఉంది. 2004లో రాష్ట్ర విద్యాశాఖ, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనైనా (అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నీ నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్ పిల్లలు 8.5 శాతానికి మించకుండా ఉంటే బాగున్నట్టు లెక్కగట్టే ఒక కొలమానం పెట్టింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, మరుసటి ఏడాది అసెంబ్లీ అలాంటి పరిమితిని నిషేధించింది, 2018 జనవరిలో టెక్సస్ ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిందని ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. మా స్కూలువాళ్ళు కావాలని చేశారని నేననను. కానీ "కొంచెం ఆగి చూద్దాం" అనే మాట ఇక్కడ ఇంత సులువుగా నోటికొస్తుందంటే, పన్నెండేళ్ళ అలవాటు అంత త్వరగా పోదేమో.

ఫిబ్రవరి రెండో వారంలో ఉత్తరం రాశాను. డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి ఈమెయిల్, ప్రిన్సిపల్‌కి కాపీ. టీచర్‌కి చెబితే చాలదు, ఆ స్థాయివాళ్ళకి రాతపూర్వకంగా వెళితేనే గడువు మొదలవుతుంది. రాస్తుంటే వెనక నించి అమ్మ ఏం రాస్తున్నావే అంది. చెప్పాను. చదివి వినిపించమంది. మా వాడికి ఇంగ్లిష్ అక్షరాల శబ్దాలు గుర్తుండట్లేదు అన్న వాక్యం దగ్గర ఆపి, "వాడికి తెలుగులోనూ అంతేనే" అంది.

నాకు చెప్పకుండా, మధ్యాహ్నాలు వాడు స్కూలు నించి రాగానే పలక మీద దిద్దించేదట. "వేమన పద్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేస్తాడు. అదే 'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగిలిందిరా అంటే బిక్కమొహం వేస్తాడు. నెల దిద్దించినా నిన్నటి అక్షరం ఇవాళ కొత్తే. రంగుల పేర్లు తెలుసు, కానీ అడిగితే వెతుక్కుంటాడు, అదీ... అదీ... అంటూ." ఎనిమిది వారాల గ్రూపు వివరాల కోసం స్కూలు ఎదురుచూస్తుంటే, ఇంట్లో వంటగది గడప మీద కూర్చుని మా అమ్మ నెల రోజుల వివరాలు పోగేసింది. రెండు భాషల వల్లే ఈ ఇబ్బంది అనుకుంటే మరి మొదటి భాషలో ఎందుకుంది? అమ్మ చెప్పినవన్నీ అలాగే ఇంగ్లిష్‌లో రాసి, ఉత్తరంలో మూడో పేరాగా పెట్టాను.

పదిహేను స్కూలు రోజుల్లోగా జవాబివ్వాలి, పద్నాలుగో రోజు మీటింగ్‌కి పిలిచారు. టీచర్, అసిస్టెంట్ ప్రిన్సిపల్, ఇంగ్లిష్‌ని రెండో భాషగా నేర్పే ఈఎస్ఎల్ టీచర్, పరీక్షలు చేసే డయాగ్నొస్టిషియన్. మళ్ళీ రెండు భాషల ప్రస్తావన వచ్చింది. అప్పుడు ఈఎస్ఎల్ టీచర్ (ఆవిడకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను) తన ఫైలు తిప్పి, టెల్పాస్‌లో (ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లల ఇంగ్లిష్‌ని కొలిచే రాష్ట్ర పరీక్ష) వీడు మాట్లాడటంలో పై మెట్టులో ఉన్నాడు, చదవడంలో కింది మెట్టులో, భాష రాకపోవడం ఒక్కటే కారణమైతే ఇంత తేడా ఉండదు, నా దగ్గర ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ళిలా లేరు అన్నారు. డయాగ్నొస్టిషియన్ మూడో పేరా మీద పెన్నుతో గీత గీసుకోవడం చూశాను. పావుగంటలో పరీక్ష చేద్దామని తేలిపోయింది, కాగితాలు చేతికిచ్చారు. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలూ శబ్దాలూ కలిపి చదవడంలో వచ్చే ఇబ్బంది, ఆ అనుమానానికి కూడా 2023 చట్టం తర్వాత ఇక్కడ ఇదే దారి.

సంతకం దగ్గర మళ్ళీ ఆగాం. స్ప్రింగ్ బ్రేక్ అంతా ఫామ్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. సంతకం అందాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. కానీ బడి ముగిసేలోపు 45 రోజులు లేకపోయినా కనీసం 35 ఉంటే, జూన్ 30 లోపు ఇవ్వాలి. 35 కూడా లేకపోతే మిగిలిన రోజులు వచ్చే ఏడాదికి జరుగుతాయి. పైగా పరీక్షల సమయంలో పిల్లాడు మూడు రోజులో అంతకన్నా ఎక్కువో బడి మానితే ఆ జూన్ గడువు వర్తించదు. క్యాలెండర్ ముందేసుకుని లెక్కపెడితే 43 రోజులు మిగిలాయి. మే నెలలో మరిది పెళ్ళికని తీసిన టికెట్లు బడి మూసేశాక బయల్దేరేట్టు మార్చుకున్నాం, డబ్బులు పోయాయి, మేం వెళ్ళేసరికి పెళ్ళయిపోయింది, అత్తయ్య ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉన్నారు.

కాగితాలతో పాటు ఇంటి వివరాల ఫామ్ ఒకటుంది. కుటుంబంలో ఇంకెవరికైనా చదవడంలో ఇబ్బంది ఉండేదా అని ప్రశ్న. మా ఆయన అక్కడ చాలాసేపు ఆగారు. నేను పక్క గదిలోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చి చూస్తే 'తండ్రి, మూడో తరగతి వరకు' అని రాసి ఉంది, కింద కన్సెంట్ ఫామ్ మీద సంతకం కూడా ఉంది.

ఏప్రిల్, మేలో నాలుగైదు సార్లు వాణ్ణి క్లాసులోంచి తీసుకెళ్ళారు. "గేములాడాం, ఒక మాటలోంచి సౌండ్ తీసేసి చెప్పమన్నారు, అది బోర్" అన్నాడు. తెలుగు గురించి డయాగ్నొస్టిషియన్ నాకు రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు, తెలుగులో అక్షరం అంటే ఒక శబ్దమా, రెండు మూడు కలిసిందా అని కూడా.

జూన్ రెండో వారంలో రిపోర్టొచ్చింది. తెలివితేటలు వయసుకి తగ్గట్టు ఉన్నాయి, మాటని శబ్దాలుగా విడగొట్టడం, చూసినదాని పేరు వెంటనే చెప్పడం బాగా తక్కువ, డిస్లెక్సియా. ఏం సేవలో తేల్చే ఏఆర్‌డీ కమిటీ ఆగస్టులో, బడి తెరిచాక కూర్చుంటుంది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, అప్పటికి తెనాలి వెళ్ళిపోయింది, రిపోర్టులో ఆవిడ సంగతి ఉన్న పేరా తెలుగు చేసి చదివాను.

"నా పేరు రాశారా?"

"పేరు రాయరమ్మా. అమ్మమ్మ అని రాశారు."

"పలక సంగతి?"

"రాశారు."

"సరే, వాడికివ్వు ఫోను."