బిడ్డ ముక్కును లెక్కలో పెట్టుకుని వాడిన నూనెలు: నా అనుభవం

పాలిస్తున్న రోజుల్లో ఎసెన్షియల్ ఆయిల్ (మొక్కల నుంచి తీసే ఘాటైన సువాసన నూనె) అనగానే అందరికీ వచ్చే అనుమానం ఒకటే: పాలలోకి దిగుతుందా? మింగితే దిగుతుంది. నీలగిరి తైలంలో ఉండే సినియోల్‌ను మాత్రగా వేసుకుంటే తర్వాత పాలలోనూ ఆ వాసన తెలుస్తుంది. అందుకే తేనెలో కలిపిన ఒక్క చుక్కైనా సరే, నోట్లో వేసుకునే ఆలోచన మానేశాను. రాసుకునే నూనె దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను ముందు చూసుకున్నది బిడ్డ ముక్కును. పాలు తాగినంతసేపూ అది తల్లి ఒంటికి ఆనుకునే ఉంటుంది కదా. ఎక్కడ రాసుకున్నాం, ఎప్పుడు రాసుకున్నాం అన్నది చూడకుండా ఏ నూనె మంచిదని అడిగి లాభం లేదు.

నేను ఎంచుకున్నది లావెండర్ ఒక్కటే. కొనేటప్పుడు సీసా మీద మొక్క శాస్త్రీయ నామం లావెండ్యులా ఆంగుస్టిఫోలియా అని ఉందో లేదో చూశాను. లాటిఫోలియా అని ఉంటే అది వేరే రకం. అందులో కర్పూరం, సినియోల్ పాళ్లు బాగా ఎక్కువ. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని రాసి ఉంటే అది ఎసెన్షియల్ ఆయిలే కాదు, ఉత్త సెంటు.

కలపడంలో 1 శాతం దాటలేదు. మి.లీ.కి 20 చుక్కల లెక్కన 10 మి.లీ. కొబ్బరి నూనెకో బాదం నూనెకో 2 చుక్కలు, 30 మి.లీ.కి 6. కానీ చుక్కలన్నీ ఒక్కలా పడవు. సీసా మూతి వెడల్పయితే చుక్క లావుగా పడుతుంది, విదిలిస్తే రెండు మూడు కలిసి జారతాయి. అందుకని సూది లేని 1 మి.లీ. సిరంజితో 0.1 మి.లీ. లాగి 10 మి.లీ. నూనెలో వదిలాను. కచ్చితంగా 1 శాతం. ఆ సిరంజిని మళ్లీ మందులకు వాడకూడదు, పారేయడమే. బకెట్ నీళ్లలో చుక్కలు వేసుకోవడం మాత్రం వద్దు. నూనె నీళ్లలో కలవదు, పైన తేలి, తగిలిన చోటల్లా మండిస్తుంది.

పడుతుందో లేదో చూడటానికి మోచేతి మడతలో రాసుకోమంటారు. పాలిచ్చేటప్పుడు బిడ్డ తల ఉండేది సరిగ్గా అక్కడే! నేను తొడ లోపలి వైపు రాసుకుని 24 గంటలు ఆగాను. ఎర్రబడినా దురద పెట్టినా ఆ సీసాతో పని అయిపోయినట్టే.

రాసుకునే చోట్లు పిక్కలు, పాదాలు, నడుము కింది భాగం. రొమ్ము, మెడ, భుజం, ముంజేతులు వద్దు. పసిబిడ్డ రొమ్మును వాసనతో కూడా గుర్తుపడుతుంది. ఆ వాసనను ఘాటు సెంటుతో కప్పేస్తే తల తిప్పేసుకోవచ్చు. చనుమొన పగుళ్లకైతే పిండిన నాలుగు చుక్కల పాలో, శుద్ధి చేసిన లానోలినో (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం లాంటి పదార్థం) చాలు. పాలు పట్టడం అవగానే రాసుకుని, సబ్బుతో చేతులు కడుక్కునేదాన్ని. అలా చేస్తే మళ్లీ పాలు పట్టేలోపు ఘాటు కొంత తగ్గుతుంది.

దూరం పెట్టినవి: పిప్పరమెంటు, నీలగిరి, కర్పూరం, సేజ్ (ఒక వాసన ఆకు మొక్క), వింటర్‌గ్రీన్ (నొప్పి మందుల్లో వాడే ఒక మొక్క నూనె). పిప్పరమెంటులో ఉండే మెంథాల్ ఘాటు చంటిపిల్లల ముక్కుకు తగిలితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. కర్పూరం ఒంట్లోకి వెళితే ఫిట్స్ తెప్పించగలదు. వింటర్‌గ్రీన్ దాదాపు మొత్తం మిథైల్ శాలిసిలేటే (ఆస్పిరిన్ జాతి పదార్థం), 5 మి.లీ. అంటే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. పిప్పరమెంటు, సేజ్ పాలు తగ్గించుకోవడానికి వాడేవాళ్లున్నారు. పాలు చాలడం లేదనుకునేవాళ్లకు అవెందుకు? అన్నట్టు, జలుబు బామ్ డబ్బా వెనక చదవండి. మెంథాల్, కర్పూరం, నీలగిరి మూడూ అందులోనే ఉంటాయి. అది ఛాతీకి రాసుకుని బిడ్డను ఎత్తుకుంటే ఇన్ని జాగ్రత్తలూ వృథా.

డిఫ్యూజర్ (నూనె వాసనను గదిలోకి ఆవిరిలా వదిలే పరికరం) బిడ్డ లేని గదిలోనే. 100 మి.లీ. నీళ్లకు 3 చుక్కలు, 15 నిమిషాలు, తర్వాత కిటికీలు బార్లా తెరవాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయినా, పిల్లికూతలు ఉన్నా అదీ వద్దు.

మూత తీసిన తేదీ సీసా మీద రాసి పెట్టాను. గాలి, వెలుతురు తగిలిన లావెండర్‌లో దాని వాసనకు మూలమైన లినలూల్ మారిపోయి చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థాలు పుడతాయి. పాతబడిన సీసా మొదటిసారి పడిందన్న ధీమాతో వాడితే దద్దుర్లు వచ్చేది అందుకే. ఒంటి మీద మండితే ముందు మామూలు వంటనూనెతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే నీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించాలి.

పాకే వయసొచ్చాక సీసా తాళం వేసిన అల్మరాలోకి వెళ్లిపోయింది. బిడ్డ మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించకూడదు; వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఆ సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.