హుండీ లెక్కింపులో కూర్చున్నాక
మల్కాజిగిరిలోని మా గుడిలో హుండీ లెక్కింపుకు సేవకురాలిగా వెళ్లాను. దేవాదాయ శాఖ అధికారి ఎదుటే సీలు తీశారు. ఎక్కువగా మడతలు పడిన పది రూపాయల నోట్లే. ఎవరూ అడగకుండా, పేరు కూడా చెప్పకుండా వేసిన డబ్బు అది. ముట్టుకుంటుంటే గౌరవం కలిగింది.

జర్మనీలో పనిచేసి వచ్చిన మా మరిది అక్కడి పద్ధతి చెప్పాడు. చర్చి సభ్యుల జీతంలోంచే చర్చి పన్ను కోసేస్తారట. అది ఆదాయపు పన్ను మీద 9 శాతం. బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రాలలో 8 శాతం. (జీతం మీద కాదు, పన్ను మీద.) వద్దనుకుంటే అధికారికంగా సభ్యత్వమే వదులుకోవాలి. భక్తిని జీతం చీటీలో చూడటం నాకు కష్టంగా అనిపించింది.

ఇటలీ పద్ధతి కొంత నయం. ఆదాయపు పన్నులో వెయ్యికి ఎనిమిది వంతులు ఎవరికి వెళ్లాలో పన్ను కట్టేవారే ఎంచుకోవచ్చు: కేథలిక్ చర్చికో, ప్రభుత్వానికో, ఒప్పందం ఉన్న మరో మతసంస్థకో. 2012 నాటి చట్టంతో హిందూ సంఘానికీ అందులో చోటు దొరికింది. కానీ ఏదీ ఎంచుకోనివారి వాటాను కూడా మిగతావారి ఎంపికల నిష్పత్తిలోనే పంచేస్తారు. అది నాకు అన్యాయంగా తోస్తోంది.

మన దగ్గర చిన్న గుళ్ల పూజలకు ధూపదీప నైవేద్య పథకం కింద ప్రభుత్వం సాయం చేస్తోంది. మంచిదే. దానితోపాటు ప్రతి గుడి హుండీలో ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న లెక్క ధ్వజస్తంభం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. లెక్కింపు ముగిశాక ఈ మాటే మా కార్యనిర్వహణాధికారిగారికి రాసి ఇచ్చాను.