మైపాడు రోడ్డులో సైకిల్ రేసు: క్యాన్సర్ స్టాలు దగ్గర నిలబడేవాళ్లకు

పోటీ సైకిళ్ల గుంపు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తోందంటే, సెకనుకు 11 మీటర్లు దాటుతున్నట్టు. వంద మీటర్ల అవతల తలలు కనిపించాక తొమ్మిది సెకన్లకల్లా గుంపు మన ముందుంటుంది, మరుక్షణం వెళ్లిపోతుంది. దాని కోసం ఊరు ఊరంతా గంటన్నర ముందే రోడ్డు మీదికి వస్తుంది. రోడ్డు ఆపేశారు కాబట్టి కదిలేదారీ ఉండదు. క్యాన్సర్ సంస్థ తరఫున వచ్చిన వలంటీరుకు దొరికేది ఆ గంటన్నరే. మాట్లాడాలన్నా, నోరు చూపించుకొమ్మని చెప్పాలన్నా, విరాళం అడగాలన్నా అప్పుడే. గుంపు కనిపించాక హుండీ పక్కన పెట్టి జనాన్ని వెనక్కి జరపడం తప్ప వేరే పని లేదు.

సైకిల్‌కీ క్యాన్సర్ విరాళాలకీ పాత చుట్టరికమే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1980 నుంచి పాన్ మాస్ ఛాలెంజ్ పేరుతో సైకిళ్లు తొక్కి డానా ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు డబ్బు కూడబెడుతున్నారు. 2004లో సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టిన క్యాన్సర్ సంస్థ, లివ్‌స్ట్రాంగ్ పేరుతో పసుపు పట్టీ ఒక్క డాలరుకి అమ్మి లోకమంతా చేతికి కట్టించింది. చిన్న మొత్తమైతే జనం ఆలోచించకుండా ఇస్తారు. అందుకే మన స్టాల్లోనూ పది రూపాయల పట్టీయో స్టిక్కరో ఉండాలి.

ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం. దాని దగ్గరి ఆదివారం మన నెల్లూరు జిల్లాకి బాగా కుదురుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్ల భయం. మార్చి వస్తే కోతలు, సగం రోడ్డు మీద వడ్లు. సన్నటి టైరు కింద వడ్లగింజ గోలీలాగా దొర్లుతుంది, వెనకున్న పదిమందీ ఒకరి మీద ఒకరు పడతారు. ఫిబ్రవరిలోనూ రెండు చూసుకోవాలి: దమ్ము చేసిన ట్రాక్టర్ల ఇనుప చక్రాల (కేజ్ వీల్స్) నుంచి రాలిన మట్టిపెళ్లలు, రొయ్యల బండ్ల నుంచి కారిన నీళ్లు. తెల్లారి ఐదున్నరకే చీపురు, పార పట్టుకుని స్టాలుకి అటూ ఇటూ రెండొందల మీటర్లు శుభ్రం చేయండి. గేదెలున్న ఇళ్లకి ముందురోజు సాయంత్రమే పోయి, తొమ్మిది దాకా కట్టేసి ఉంచమని చెప్పండి. మైకులో చెబితే పని కాదు, ఇంటికి పోయి చెప్పాలి.

స్టాలు ఎప్పుడూ నేరుగా ఉన్న రోడ్డు పక్కనే. మలుపు బయటివైపు అసలు వద్దు, అదుపు తప్పిన సైకిల్ అటే వస్తుంది. తారు అంచు నుంచి టేబులు ఐదు మీటర్లు లోపల ఉండాలి, షామియానా తాళ్లు రోడ్డు వైపు లాగకూడదు. తొమ్మిది దాటాక సముద్రపు గాలి లేస్తుంది. ఫ్లెక్సీకి అక్కడక్కడా చంద్రవంక ఆకారంలో కోతలు పెట్టకపోతే తెరచాపలాగా ఉబ్బి కర్రతో సహా రోడ్డు మీద పడుతుంది. కరంటు స్తంభానికి కట్టకండి. కరపత్రాలు ఒకేసారి పంచితే సగం గాల్లో తేలతాయి. మాట్లాడిన మనిషి చేతికే ఒకటివ్వండి.

నీళ్ల విషయంలో చాలామంది పొరబడతారు. ప్రొఫెషనల్ రేసులో ఆటగాడికి మనం నీళ్లు, అరటిపండు ఏదీ అందించకూడదు. డోపింగ్ పరీక్షలో ఏం బయటపడినా బాధ్యత ఆటగాడిదే కాబట్టి, తన జట్టు మనిషి ఇచ్చిందే తాగుతాడు. ప్రేమతో ఇచ్చినా అది అతన్ని ఇబ్బంది పెట్టడమే. అదే రోజు సరదాగా తొక్కే స్థానికులకు మాత్రం మనమే ఇవ్వాలి. లీటరు మినరల్ వాటర్ బాటిల్ సైకిల్‌కుండే బాటిల్ హోల్డరులో పట్టదు, అరలీటరుది పలచగా ఉండి గుంత రాగానే ఎగిరిపడుతుంది. కాబట్టి ఆపి గ్లాసుల్లో పోయడమే మేలు. సాగిపోతూ తీసుకునేవాళ్లకైతే బాటిల్‌ని మూత దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, చెయ్యి పక్కకి చాపి, వాళ్లు పోయేవైపే నాలుగడుగులు పరుగెత్తాలి. గట్టిగా పట్టుకుంటే చెయ్యి గుంజుకుపోతుంది, సైకిల్ పక్కకి వాలుతుంది. వలంటీర్ల మధ్య పదిహేను మీటర్ల ఎడం ఉంటే, ఒకరి దగ్గర తప్పినా రెండోవారి దగ్గర దొరుకుతుంది.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి. "చిక్కగా ఉంటే బలం" అని అరలీటరులో కలిపితే దాహం తీరకపోగా వాంతులవుతాయి. ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ గీసిన కొలతే.

ఇక అసలు పని. మన పల్లెల్లో గుట్కా, ఖైనీ ఎంత ఉన్నాయో చెప్పక్కర్లేదు. దానికి స్టాల్లో చేయగలిగిన తేలికైన పరీక్ష మూడు వేళ్లది. సబ్బుతో చేతులు కడిగించి, ఆ మనిషి తన చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి, పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య పెట్టుకోవాలి. మూడూ పడితే సరే. రెండే పట్టాయంటే బుగ్గ లోపలి పొర బిగుసుకుంటోందని అనుమానించి డాక్టరు దగ్గరకి పంపాలి. కారం తగిలితే మంట, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, వీటిలో ఏదున్నా అంతే. "నీకు క్యాన్సర్" అనే మాట మన నోటి నుంచి రాకూడదు. "ఇది డాక్టరు చూడాల్సిందన్నా, ఈ వారంలోనే పోయిరా" అంటే చాలు.

ఆడవాళ్లు జనంలో అడగరు. స్టాలు వెనక చీర కట్టి రెండు కుర్చీలేసి, ఒక నర్సమ్మనో ఆశా అక్కనో కూర్చోబెట్టండి. ముప్పై దాటిన వాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగమేనని ఆమె చెబితే వింటారు. "అంటుకుంటుందామ్మా?" అని తప్పకుండా అడుగుతారు. అంటుకోదు, ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. ఈ ఒక్క మాట విని పోయినా ఇంట్లో పేషెంటుకి కంచం, మంచం వేరు చేయడం ఆగుతుంది.

ఇప్పటికే జబ్బు తెలిసిన ఇంటివాళ్లు వస్తే డబ్బు అడగకండి, కాగితం మీద జాబితా రాసివ్వండి: బయాప్సీ రిపోర్టు, దాని స్లైడ్లు, తీసిన ముక్కని భద్రపరిచిన మైనం దిమ్మెలు (బ్లాకులు), స్కాన్ సీడీ, ఆధార్, బియ్యం కార్డు. నెల్లూరు నుంచి చాలామంది మద్రాసులోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కే పోతారు. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి మొదలుపెట్టిన సంస్థ అది. దిమ్మెలు మర్చిపోయి పోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు, రోజులు పోతాయి. మన రాష్ట్రంలోనే చూపించుకునేవాళ్లకి ఎన్టీఆర్ వైద్యసేవ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందుగా ఆ పథకం హెల్ప్‌డెస్కులో ఉండే మనిషిని కలవమని చెప్పండి.

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే ఉండాలి, ఎంత నమ్మకస్తుడిదైనా సొంత ఖాతాది వద్దు. దాని మీద ఇంకొకరి కోడ్ అతికించే మోసగాళ్లున్నారు, గంటకోసారి రూపాయి పంపి పేరు సరిచూడండి. నగదు రెండు వేలు దాటితే పన్ను మినహాయింపు రాదు కాబట్టి పెద్ద మొత్తాలు ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి, పాన్ నంబరు, చిరునామా అక్కడికక్కడే రాయించుకోవాలి. హుండీ ఇద్దరి ముందు తెరిచి, నోట్లు వేరువేరుగా లెక్క రాసి, ఇద్దరూ సంతకం చేసి, సోమవారం బ్యాంకులో కట్టాలి.

రేసు వెనకొచ్చే ఆఖరి బండి దాటిందని రేసు మార్షల్ చెప్పేదాకా రోడ్డు మీద కాలు పెట్టొద్దు. వెనకబడినవాళ్లు గుంపు పోయిన ఇరవై నిమిషాల తర్వాత కూడా వస్తారు. వాళ్లొచ్చే టైముకి జనం రోడ్డంతా నిండి ఉంటారు. ప్రమాదాలు జరిగేది ఎక్కువగా అప్పుడే.

రెండు వేళ్లే పట్టినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు వాళ్ల అనుమతితో ఒక నోటుబుక్కులో రాసుకుని, దాన్ని ఒకరి చేతికే అప్పగించండి. బుధవారం ఫోన్ చేసి "పోయొచ్చినావా అన్నా?" అని అడగాలి. పోలేదంటే శనివారం మళ్లీ చేయాలి.